యముడికి మొగుడు: మా నాయన మధ్యలో లేచి వచ్చేసిన సినిమా

హంద్రీ_ఒడ్డు
1988 ఎండాకాలం. నాకు పదకొండేళ్లు. పత్తికొండ పక్క మా ఊరి నుంచి బస్సెక్కి కర్నూలుకు పోయి చూసిన మొదటి సినిమా ‘యముడికి మొగుడు’. పక్కన మా నాయన. చిరంజీవి యమలోకానికి పోయి సింహాసనం ముందు నిలబడి వాదన పెట్టుకునే చోట హాలంతా ఈలలు. మా నాయన కండువా దులిపి భుజాన వేసుకున్నాడు, నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చేశాడు. మిగతా సినిమా నేను చూడనే లేదు.

ఎందుకంటే మా నాయన యముడు. నవ్వొద్దు. మా చుట్టుపక్కల ఊళ్లలో ఇరవై ఏళ్లు సతీసావిత్రి డ్రామాలో యముడి వేషం ఆయనదే. వేషం కట్టే రోజు పొద్దున్నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టడు. కిరీటం పెట్టుకునే ముందు దానికి దండం పెడతాడు. పెట్రోమాక్స్ వెలుగులో గద భుజాన వేసుకుని పద్యం ఎత్తుకుంటే ముందు కూర్చున్న పిల్లలు తల్లుల కొంగుల్లో దూరేవాళ్లు. మా నాయనేనని తెలిసి కూడా నేనూ దూరేవాణ్ణి.

ఆ సినిమా వచ్చిన రెండేళ్లకు డ్రామా మానేశాడు. ఆయన తెర బయటికి రాగానే వెనక నుంచి కుర్రాళ్లు సినిమా యముడి గొంతుతో కేకలేసేవాళ్లు. “భయపడాల్సినోళ్లు నవ్వుతున్నారురా” అన్నాడు ఒకసారి. అప్పట్నుంచి మా ఇంట్లో ఆ సినిమా పేరు ఎత్తలేదు.

పోయిన ఆదివారం నా కొడుకు టీవీలో అదే సినిమా పెట్టాడు. నాయనకు ఇప్పుడు ఎనభై దాటాయి. లేచిపోతాడనుకున్నా. పోలేదు. ఆఖరుదాకా చూశాడు, రెండుసార్లు నవ్వాడు కూడా. అయిపోయినాక, అందులో యముడి వేషం వేసిన కైకాల సత్యనారాయణ గురించి ఒకే మాట: “సత్యనారాయణ తప్పు చేయలేదు.” అంతే, పోయి పడుకున్నాడు.

అప్పుడు అంత కోపం ఎందుకు, ఇప్పుడు ఈ మాట ఎందుకు? ఆ సినిమాలో దేవుణ్ణి నిజంగా చులకన చేశారా? చూసినవాళ్లు చెప్పండి.

నేలటికెట్టు
చులకన ఏముందన్నా. ఈసారి కైకాల సత్యనారాయణ గారిని ఒక్కణ్ణే చూస్తూ సినిమా చూడండి. చుట్టూ అందరూ కామెడీ చేస్తుంటారు. ఆయన ముఖం మాత్రం “నేను నిజంగా యముణ్ణే” అన్నట్టు ఉంటుంది. నవ్వు అందుకే పుడుతుంది. ఆయన కూడా నవ్వించాలని చూసి ఉంటే పది నిమిషాలకే విసుగొచ్చేది.

కారందోసె_కడప
మరీ అంత వెనకేసుకు రావద్దు. యముణ్ణి నవ్వులపాలు చేయకపోతే టికెట్లు తెగవని మనవాళ్లకు ఎప్పుడో అర్థమైంది. 1977లో ‘యమగోల’ ఆడింది, పదకొండేళ్ల తర్వాత అదే యముణ్ణి మళ్లీ దించారు. యముడు సత్యనారాయణే, పద్దు రాసేది అల్లు రామలింగయ్యే. ఇందులో భక్తి యాడుంది? హంద్రీ అన్న వాళ్ల నాయన లేచి రావడంలో న్యాయం ఉంది.

గుంతకల్లు_జంక్షన్
1977 కన్నా ముందే మొదలైంది కారందోసె. 1960లోనే ఎన్టీఆర్ ‘దేవాంతకుడు’ ఉంది. ఆ దారి పాతదే.

కారందోసె_కడప
దారి పాతదైతే ఒప్పయిపోతుందా?

చాక్‌పీసు_నంద్యాల
ముప్పై రెండేళ్లు తెలుగు పాఠం చెప్పినవాణ్ణి, ఒక మాట చెప్పనివ్వండి. యముడితో వాదించి గెలవడం సినిమావాళ్లు కనిపెట్టింది కాదు. హంద్రీ_ఒడ్డు గారి నాన్నగారు ఇరవై ఏళ్లు ఆడిన నాటకంలో చివరికి గెలిచేది ఎవరు? సావిత్రి. భారతం అరణ్యపర్వంలో ఆ అమ్మాయి యముడి వెంట నడుస్తూ మాట మీద మాట పేర్చి, ఆయన నోటితోనే వరం ఇప్పించుకుని మొగుడి ప్రాణం వెనక్కి తెచ్చుకుంటుంది. ఇచ్చిన మాటకు కట్టుబడతాడు కాబట్టే ఆయన ఓడిపోతాడు.

కఠోపనిషత్తు ఇంకా దగ్గర. నచికేతుడు అనే పిల్లవాడు యముడి ఇంటి గుమ్మంలో మూడు రాత్రులు తిండి లేకుండా ఎదురుచూస్తాడు. యముడు తిరిగొచ్చి, అతిథిని అలా ఉంచడం తన తప్పేనని, రాత్రికొకటి చొప్పున మూడు వరాలిస్తాడు. తప్పు జరిగితే ఒప్పుకుని సరిచేసే దేవుడు ఆయన. ఈ సినిమా కథకు మూలకందం అదే. చిరంజీవి వేసిన కాళి ప్రాణం తీయడంలో లెక్క తప్పింది, ఒప్పుకోక తప్పదు, వాడి శరీరం అప్పటికే కాలిపోయింది కాబట్టి అదే పోలిక ఉన్న ఇంకో మనిషి, బాలు శరీరంలోకి పంపాలి. ఆయన ధర్మరాజు కాకపోయి ఉంటే ఈ కథ నడవదు. “పోరా, వచ్చినోడివి వచ్చినావు, ఉండు” అంటే అయిపోయేది.

నేలటికెట్టు
సార్, బళ్లో మీరు చెప్పి ఉంటే నేను తెలుగులో ఫెయిలయ్యేవాణ్ణి కాదు.

రీలుపెట్టె_ఆదోని
నేను ఆదోనిలో ఆపరేటర్‌గా చేసినోణ్ణి. ఇప్పుడున్న పిల్లలకు తెలియదు కాబట్టి చెప్తున్నా. క్యాబిన్‌లో రెండు మిషన్లు. ఒకదాంట్లో రీలు నడుస్తుంటే రెండోదాంట్లో తర్వాతి రీలు ఎక్కించి పెట్టుకోవాలి. వెయ్యి అడుగుల రీలు సుమారు పదకొండు నిమిషాలు. తెర మీద కుడిపక్క పైమూలన చిన్న చుక్క పడుతుంది. అది చూసి రెండో మిషన్ వదలాలి, ఇంకో చుక్కకు మార్చెయ్యాలి. కార్బన్ కడ్డీలు అరిగేకొద్దీ దగ్గరికి జరుపుతూ ఉండాలి, లేకుంటే బొమ్మ పచ్చబడిపోతుంది. ఎండాకాలంలో ఆ క్యాబిన్ అంటే కుమ్మరి ఆవమే.

ఈ సినిమా నేను ఎన్ని ఆటలు వేశానో లెక్క లేదు. జనాన్ని చిన్న కిటికీలోంచి చూసేవాణ్ణి. హంద్రీ తమ్ముడూ, అందరూ యమలోకం సీన్ అంటారు. కానీ మా హాల్లో అసలు గోల అక్కడ కాదు. బాలు ఉన్నాడు చూడు, నోట్లో నాలుక లేనోడు. సొంత మనుషులే వాణ్ణి కొట్టి తిట్టి పెడుతుంటారు. వాడి శరీరంలోకి కాళి వచ్చి లేచి నిలబడినాక, కొట్టే చెయ్యిని పట్టుకుంటాడే, అప్పుడు. ఆ చోట నేల టికెట్టు వాళ్లు లేచి నిలబడేవాళ్లు. ఆడవాళ్ల వైపు నుంచి కూడా అరుపులు. ఎవరిళ్లలో ఎవరు పడుతున్నారో నాకేం తెలుసు, కానీ ప్రతి ఆటకూ అదే చోట అవే అరుపులు. కేకలు వింటే చాలు, ఏ రీలు నడుస్తోందో తెర చూడకుండా చెప్పేవాణ్ణి.

ఇంకో సంగతి. అక్కడ చిరంజీవి గారు మేకప్ మార్చరు, ముఖం అదే. వీపు నిలబెట్టే తీరు మారుస్తారు. బాలు నడిస్తే భుజాలు ముందుకు వంగుంటాయి, చూపు నేల మీద ఉంటుంది. కాళి వచ్చినాక అదే చొక్కాలో భుజాలు వెనక్కి పోతాయి. సౌండు తీసేసి చూసినా ఎవరు లోపలున్నారో తెలిసిపోతుంది.

గుంతకల్లు_జంక్షన్
రీలుపెట్టె అన్నా, ఆ వీపు సంగతి ఇన్నేళ్లకు నువ్వు చెప్తేనే తెలిసింది. ఇప్పుడే మళ్లీ పెట్టి చూశా. నిజం.

పెన్నేటి_పిల్ల
అందరూ మెచ్చుకుంటున్నారు కాబట్టి నేను అనాల్సింది అనేస్తా. విజయశాంతి, రాధ ఇద్దరినీ పెట్టుకుని పాటలకు తప్ప వాడుకోలేదు. 1990లో ‘కర్తవ్యం’ చేసి జాతీయ ఉత్తమ నటి అవార్డు తెచ్చుకున్న మనిషి విజయశాంతి. రెండేళ్ల ముందు ఆమెకు ఇక్కడ ఏం పని ఇచ్చారు? మా అమ్మకు ఈ సినిమా ప్రాణం. నాకూ ఇష్టమే. ఐనా ఈ లోటు లోటే.

నేలటికెట్టు
ఒప్పుకుంటా అక్కా. కానీ ‘అందం హిందోళం’ పాట వస్తే ఛానల్ మార్చగలవా?

పెన్నేటి_పిల్ల
మార్చలేను. పాటలు కట్టిన రాజ్-కోటి మీద నాకేం కోపం లేదు.

కారందోసె_కడప
చాక్‌పీసు సార్ మాటకు జవాబు చెప్పాలి కదా. సార్, సావిత్రి చేతులు జోడించి గెలిచింది. వీడు వేలు చూపించి గెలిచాడు. రెండూ ఒకటేనా?

చాక్‌పీసు_నంద్యాల
మంచి ప్రశ్న. ఒకటి కాదు. కానీ సావిత్రి రాజు కూతురు, సభలో ఎలా మాట్లాడాలో ఆమెకు తెలుసు. కాళి పేటలో పెరిగిన రౌడీ. వాడికి తెలిసిన భాషలోనే వాడు న్యాయం అడిగాడు. ఆ భాషలో అడిగినా యముడు విన్నాడు చూడండి, నాకు అక్కడే ఆయన మీద గౌరవం పెరిగింది.

ధర్మవరం_అంచు
ఇన్నాళ్లూ చదవడమే తప్ప ఇక్కడ ఎప్పుడూ రాయలేదు. “లెక్క తప్పింది” అన్న మాట చూసి ఆగలేకపోయా.

మా అవ్వకు వచ్చే పింఛన్ ఒక నెల ఆగిపోయింది. పోయి అడిగితే రిజిస్టర్లో ఆమె చనిపోయినట్టు ఉందన్నారు. మా ఊళ్లోనే ఇంటి పేరు, పేరు రెండూ కలిసిన ఇంకో ముసలమ్మ పోయింది, మొగుడి పేరు ఒక్కటే తేడా. ఆమె బదులు మా అవ్వ పేరు కొట్టేశారు. ఏ ఆఫీసని చెప్పను, అక్కడ మంచివాళ్లూ ఉన్నారు. కానీ బతికున్న మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి “బతికున్నట్టు కాయితం తెండి” అన్నారు. మా నాన్న మగ్గం దిగి పోతే ఆ రోజు కూలి పోయినట్టే. చీర సగంలో ఆపి ఏడు నెలలు తిరిగినాడు.

నాలుగో నెలలో అనుకుంటా, అవ్వ మంచంలో లేచి కూర్చుని అన్న మాట ఇది: “చిరంజీవి పోయి నిలదీసినాడు కదరా, యముడే తప్పు ఒప్పుకున్యాడు. వీళ్లు యముడి కన్నా పెద్దోళ్లా? నన్ను తీసకపో, నేనే అడుగుతా.” తీసుకుపోయారు. చేతికర్ర బల్ల మీద పెట్టి నిలబడింది. వాదించలేదు, అరవలేదు. “నేను చచ్చిపోయింటే ఈ కర్ర ఎవరిది నాయనా” అని అడిగింది. అక్కడున్న ఒక కుర్ర ఉద్యోగి లేచి కుర్చీ వేసి, తానే అర్జీ రాసి, సంతకానికి లోపలికి పోయాడు. ఇంకో మూడు నెలలు పట్టింది కానీ డబ్బులు మొత్తం వచ్చాయి.

మా అవ్వ చదువుకోలేదు. ఆమెకు నచికేతుడు తెలియదు. ఈ సినిమా తెలుసు. కారందోసె అన్నా, మీరు భక్తి యాడుంది అన్నారు. నాకైతే ఇదే భక్తి అనిపిస్తుంది. పైన ఉన్నవాడు న్యాయానికి లోబడి ఉంటాడని ఆమె గట్టిగా నమ్మింది.

రీలుపెట్టె_ఆదోని
అమ్మా, రెండుసార్లు చదివినా.

కారందోసె_కడప
నేను మూడుసార్లు. నా మొదటి మాట వెనక్కి తీసుకుంటున్నా చెల్లీ. అవ్వ ఉన్నారా?

ధర్మవరం_అంచు
లేరన్నా. పింఛన్ మళ్లీ వచ్చినాక నాలుగేళ్లు బతికింది. మొదటి నెల డబ్బుల్లో నాకు గాజులు కొనింది.

తోలుబొమ్మ_79
హంద్రీ అన్న ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు చెప్తా. మా ఊరికి నిమ్మలకుంట దగ్గరే. చిన్నప్పుడు రాత్రంతా తోలుబొమ్మలాట చూసేవాళ్లం. రాముడు బాణం ఎక్కుపెట్టి ఉంటాడు, ఉన్నట్టుండి తెర మీదికి కేతిగాడు, బంగారక్క దూకి తిట్లు, సరసాలు మొదలుపెడతారు. జనం పొట్టలు పట్టుకుని నవ్వుతారు. వాళ్లు పోతారు, మళ్లీ రాముడు. అప్పుడు ఎవరూ నవ్వరు, ముసలోళ్లు దండాలు పెడతారు. ఒకే తెర, ఒకే దీపం. దేవుడి పక్కన కేతిగాడు ఉంటే దేవుడు తగ్గిపోతాడని మా పక్క ఎవరూ అనుకోలేదు. ఈ సినిమాలో అల్లు రామలింగయ్య గారు కేతిగాడు. రాముడి బొమ్మ పట్టుకున్నోడు కేతిగాడి గొంతు ఎత్తుకుంటేనే ఆట చెడుతుంది. సత్యనారాయణ గారు ఎత్తుకోలేదు.

నేలటికెట్టు
నేను మొదట్లో చెప్పింది ఇదే, నాకు ఇంత బాగా చెప్పడం రాలేదు.

పొద్దుటూరు_బంగారం
ఈ వరసలో మన సీమ వాళ్లను మర్చిపోతున్నారు. ‘పాతాళ భైరవి’ (1951), ‘మాయాబజార్’ (1957) తీసిన కె.వి.రెడ్డి పుట్టింది తాడిపత్రిలో. ఆ సినిమాలు తీసిన విజయా సంస్థ నాగిరెడ్డి మా కడప జిల్లా మనిషి. నాటకంలో గాల్లో ఎగిరే మనుషుల్ని, మాయల్ని చూపించిన సురభి వాళ్ల పేరు మా జిల్లాలోని సురభి ఊరిదే, 1885లో మొదలైంది. తెలుగోళ్లకు మాయలూ మంత్రాలూ చూడ్డం నేర్పింది మనమే.

గుంతకల్లు_జంక్షన్
తాడిపత్రి అనంతపురం జిల్లా. దాన్ని కూడా మీ బంగారంలో కలుపుకోవద్దు.

పొద్దుటూరు_బంగారం
మనం అన్నా, మా అనలేదు. సరిగ్గా చదువు.

హిందూపురం_బస్సు
బెంగళూరులో ఉన్నప్పుడు రజనీకాంత్ అరవంలో చూశా, ‘అతిశయ పిరవి’, 1990. ఇదే కథ. బాగానే ఉంది కానీ యమలోకం సీన్ వచ్చేసరికి నా చెవులు సత్యనారాయణ గొంతు కోసం వెతుక్కున్నాయి.

నేలటికెట్టు
ఇంటర్వెల్‌లో బుడ్డలు తినకుండా ఆ సినిమా చూసినోడు ఉన్నాడా అసలు?

కారందోసె_కడప
బుడ్డలు ఏందప్పా, శెనక్కాయలు అను.

రీలుపెట్టె_ఆదోని
బుడ్డలే. ఆట అయిపోయినాక హాలు ఊడిస్తే గంపలకొద్దీ పొట్టు వచ్చేది, దాన్ని ఎవరూ శెనక్కాయ పొట్టు అనలేదు.

పెన్నేటి_పిల్ల
పొట్టు సంగతి ఇంకో చోట తేల్చుకోండి. హంద్రీ అన్న ఏమైనట్టు? నాయన్ని అడిగారా?

హంద్రీ_ఒడ్డు
అడిగా. అందుకే మూడు రోజులు రాయలేదు.

నిన్న రాత్రి కరెంటు పోయింది. బయట నులక మంచం వేసి ఆయన పక్కన కూర్చుని మీరు రాసినవన్నీ ఫోన్‌లో చదివి వినిపించా. సావిత్రి మాట దగ్గర తల ఊపాడు. అవ్వ కర్ర దగ్గర కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. కేతిగాడి మాట మళ్లీ చదవమన్నాడు. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేను లేవబోతే అప్పుడు మొదలుపెట్టాడు. నాకు గుర్తున్నంత వరకు ఆయన మాటల్లోనే రాస్తున్నా.

“దేవుణ్ణి ఎగతాళి చేశారని నేను లేచి రాలేదురా. మీ అమ్మకు అట్లా చెప్పినా, నువ్వూ అదే నమ్మినావు. ఆ సత్యనారాయణ సింహాసనం మీద కూర్చుని ఉన్నాడు. గద సరిగ్గా పట్టుకున్యాడు. నోరు తెరిచి ఒక్క కేక వేస్తే హాలు నిండిపోయింది. నేను అంత గొంతు తెప్పించడానికి నాలుగు చరణాల పద్యం పాడాల, హార్మోనియం ఉండాల, తెల్లారేదాకా ఆడాల. ఆయనకు ఒక్క మాట చాలింది. నాకు ఊపిరాడలే.”

డ్రామా మానేసింది కుర్రాళ్ల కేకలకేనా అని అడిగా. తల అడ్డంగా ఊపాడు.

“ఆలూరు పక్కన ఒక ఊళ్లో జాతర. నేను తెర బయటికి రాంగానే సినిమాలో మాదిరి అనమని పిల్లోళ్లు అరుస్తున్యారు. పద్యం ఎత్తుకుంటే వినరు. సరేలే అని ఒక్కసారి సత్యనారాయణ మాదిరే కేకేసినా. నా బతుకులో అన్ని చప్పట్లు ఎప్పుడూ రాలే. ఒకాయన నోటు తెచ్చి నా మెడలో దండకు గుచ్చినాడు. ఆ రాత్రి కిరీటం తీసి దండం పెట్టబోతే చేతులు రాలే. అది ఆయన యముడు, నాది కాదు. మర్నాడు పెట్టెలో పెట్టి తాళం వేసినా. అంతే.”

2022లో సత్యనారాయణ గారు పోయిన రోజు నాయన టీవీ ముందు నుంచి లేవలేదు, రాత్రి అన్నం వద్దన్నాడు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నా అప్పుడు. వేషం కట్టే రోజు కూడా ఆయన తినడని నాకు గుర్తే రాలేదు.

రీలుపెట్టె_ఆదోని
మీ నాయనకు నా దండం చెప్పు తమ్ముడూ. ఆయన లేచి పోయినాడు కాబట్టే చెప్తున్నా, ఆ గొంతు విని నాలాంటోళ్లకు వట్టి సంతోషం. గొంతు పని తెలిసినోడికే అంత నొప్పి.

చాక్‌పీసు_నంద్యాల
పద్యాలు ఇంకా గుర్తున్నాయా ఆయనకు? ఒకటైనా రికార్డు చేయండి. నేను రాసి పెడతాను. ఆ తరం పాడిన పద్ధతి పోతోంది.

హంద్రీ_ఒడ్డు
గుర్తున్నాయి సార్. పొద్దున మా వాడు అడిగితే రెండు పాడాడు, రెండోదాంట్లో ఊపిరి అందక ఆగాడు. మీ నంబర్ లోపలి సందేశంలో పంపండి.

మావాడు పెట్టె తెరిపించాడు. గద ఉంది, చెక్కది, చెదలు కూడా పట్టలేదు. కిరీటం మాత్రం అట్ట మెత్తబడిపోయింది, బంగారు కాగితం చేతికొస్తోంది. ముందు వైపు అద్దం బిళ్లలు ఐదుకు రెండే మిగిలాయి. నాయన దాన్ని ఒళ్లో పెట్టుకుని వేలితో తుడుస్తున్నాడు. మనవడి తల మీద పెట్టమంటే పెట్టలేదు, “ఈ రోజు వాడు ఇడ్లీ తిన్నాడు” అన్నాడు.

ధర్మవరం_అంచు
అన్నా, మా ఇంట్లో పాత జరీ ఉంది, చీరలకు పోగా మిగిలింది. కిరీటం అంచుకు పట్టీ నేసి పంపుతా. డబ్బుల మాట ఎత్తొద్దు. చుట్టుకొలత ఎంతో టేపు పెట్టి చెప్పండి.

హంద్రీ_ఒడ్డు
టేపు పెడితే నాయన కదలకుండా కూర్చున్నాడమ్మా. ఇరవై రెండున్నర అంగుళాలు.